లెక్క తప్పిందా, పోల్చిన తీరు తప్పిందా?

ఏటా మే నెల వచ్చేసరికి ఒంగోలులో రెండు మాటలు వినిపిస్తాయి. పడమటి గాలి పొద్దెక్కేదాకా ఆగకుండా వీచిన రోజున "చూశారా, శాస్త్రవేత్తలు చెప్పినట్టే భూమి మండిపోతోంది" అంటారు ఒకరు. మర్నాడు సముద్రపు గాలి తొందరగా తిరిగి నాలుగు చినుకులు రాలితే "ఆ కంప్యూటర్ మోడళ్ళన్నీ కాకి లెక్కలు, ముప్ఫై ఏళ్ళుగా ఇదే పాట, ఒక్కటీ నిజం కాలేదు" అంటారు ఇంకొకరు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. నేను డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను కాబట్టి ఇద్దరూ నా వైపే చూస్తారు.

నేను చెప్పేది ఇది. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత విషయంలో మోడళ్ళు, అంటే భౌతికశాస్త్ర సూత్రాలతో కంప్యూటర్ మీద వేసే వాతావరణ లెక్కలు, చెప్పినదానికీ జరిగినదానికీ పొంతన కుదిరింది. కుదరలేదని చూపించే గ్రాఫుల్లో చాలావరకు పోల్చిన తీరే తప్పు. అలాగని మోడళ్ళు తప్పులు చేయలేదని నేను అనను. చేశాయి. వాటిని కూడా ఇక్కడే రాస్తాను. ఆ తప్పులను కప్పిపుచ్చేవాళ్ళ వల్ల నిజం చెప్పేవాళ్ళ మాటకూ విలువ పోతోంది.

ముందు ఆ "ముప్ఫై ఏళ్ళ" సంగతి. ఈ లెక్క వయసు నూట ముప్ఫై ఏళ్ళకు దగ్గర పడింది. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అరేనియస్ గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపయితే భూమి ఐదారు డిగ్రీలు వేడెక్కుతుందని కాగితం మీద లెక్కకట్టాడు. అది ఇప్పుడు మనకు తెలిసినదానికన్నా బాగా ఎక్కువ. కంప్యూటర్‌తో వేసిన తొలి గట్టి లెక్క మాత్రం 1967 నాటిది. జపాన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన స్యుకురో మనాబే, ఆయన సహచరుడు రిచర్డ్ వెథరాల్డ్ కలిసి భూమి మొత్తానికి బదులుగా నేల నుంచి ఆకాశం దాకా నిలబడిన ఒకే ఒక్క గాలి స్తంభాన్ని తీసుకున్నారు. దానిలో ఎంత వేడి పైకి పోతుంది, ఎంత ఆగుతుంది, గాలి వేడెక్కేకొద్దీ ఎంత తేమను పట్టుకుంటుంది, ఆ తేమ మళ్ళీ ఎంత వేడిని ఆపుతుంది, ఇవి లెక్కలోకి తెచ్చారు. మేఘాల అమరిక మారదనుకుంటే కార్బన్ డయాక్సైడ్ రెట్టింపుకు సుమారు 2.3 డిగ్రీలు అని తేలింది. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2021 నివేదికలో ఇచ్చిన మేలైన అంచనా 3 డిగ్రీలు, 2.5 నుంచి 4 మధ్య ఉండవచ్చని. అర్ధ శతాబ్దం తరువాత, వేల రెట్లు పెద్ద కంప్యూటర్లతో చేరిన చోటు అంత దూరంలో ఏమీ లేదు. మనాబేకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ 1967 లెక్కలో నన్ను ఇప్పటికీ ఆపి నిలబెట్టేది 2.3 అనే అంకె కాదు. నేల దగ్గరి గాలి వేడెక్కుతుంటే, మేఘాలకు పైన ఉండే గాలి పొర స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతుందని ఆ స్తంభం చెప్పింది. ఎండ పెరగడం వల్ల భూమి వేడెక్కితే పైనా కిందా రెండూ వేడెక్కాలి. వేడిని పట్టే వాయువుల వల్లయితేనే కింద వేడి, పైన చలి. 1967లో దీన్ని సరిచూడడానికి ఎవరి దగ్గరా తగిన కొలతలు లేవు. 1979 నుంచి ఉపగ్రహాలు పైపొరలను వరుసగా కొలుస్తున్నాయి, స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతూనే ఉంది. ఓజోన్ తరుగుదల కూడా ఇందులో కొంత వాటా తీసుకుంది. అయినా ఓజోన్ ప్రభావం తక్కువగా ఉండే ఇంకా పై ఎత్తుల్లోనూ చలి పెరుగుతూనే ఉంది. "వేడెక్కుతోంది సరే, సూర్యుడి వల్లేమో" అని నన్ను అడిగే ప్రతి విద్యార్థికీ నేను ఈ ఒక్కటే చెబుతాను.

ఇక అందరూ ఎత్తిచూపే గ్రాఫు దగ్గరికి వద్దాం. 1988 జూన్ 23న నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం ఇచ్చాడు. ఆ ఏడాది ఆయన బృందం ప్రచురించిన పత్రంలో మూడు దారులున్నాయి: ఎ, బి, సి. ఉద్గారాలు, అంటే మనం గాలిలోకి వదిలే వేడిని పట్టే వాయువులు, అంతకంతకూ పెరిగితే ఎ, ఓ మోస్తరుగా పెరిగితే బి, బాగా తగ్గిస్తే సి. అన్నిటిలోకీ జరగగలిగింది బి అని హాన్సెన్ అన్నాడు. బి దారిలో పదేళ్ళకు సుమారు 0.27 డిగ్రీల చొప్పున వేడెక్కాలి. ఆ తరువాతి మూడు దశాబ్దాల్లో కొలిస్తే తేలింది పదేళ్ళకు 0.18, 0.19 దగ్గర. అంటే ఒకటికి ఒకటిన్నర చెప్పాడు. "చూశారా" అని గ్రాఫు చూపేవాళ్ళు ఇక్కడితో ఆగిపోతారు. కొందరైతే బిని కూడా వదిలేసి ఎ గీతనే చూపిస్తారు.

మా వైపు వాళ్ళకు దీన్ని పెన్న మీది సోమశిల జలాశయంతో చెబుతాను. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద నెల్లూరు వాళ్ళెవరూ మరిచిపోలేదు, పడుగుపాడు దగ్గర రైలు మార్గం దెబ్బతిన్న వరద అది. అలాంటి రోజున నెల్లూరు దగ్గర నది రేపు ఎంత ఎత్తున పారుతుందని ఇంజనీరును అడిగితే ఆయన రెండు ప్రశ్నలకు జవాబు వెతకాలి. సోమశిల నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతారు? అన్ని క్యూసెక్కులు వదిలితే నెల్లూరు దగ్గర నీటిమట్టం ఎంత లేస్తుంది? మొదటిది ఎగువన పడే వాన మీద, గేట్లు ఎత్తే అధికారుల నిర్ణయం మీద ఆధారపడుతుంది. రెండోది నది వాలు, వెడల్పు, ఇసుక మేటల లెక్క. మూడు లక్షల క్యూసెక్కులు వస్తాయనుకుని మట్టం చెప్పాడనుకోండి, వచ్చింది రెండు లక్షలే అయితే ఆయన చెప్పినంత ఎత్తు రాదు. అంతమాత్రాన ఆయనకు నది లెక్క రాదని ఎవరూ అనరు. అదే సూత్రంలో రెండు లక్షలు పెట్టి, వచ్చిన జవాబును వంతెన దగ్గరి కొలబద్దతో పోల్చిచూస్తారు. న్యాయమైన పరీక్ష అదొక్కటే.

హాన్సెన్ విషయంలో ఆ పరీక్ష చేస్తే ఏం తేలింది? ఫ్రిజ్‌లలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు అలాగే పెరుగుతూ పోతాయని ఆయన అనుకున్నాడు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం అమల్లోకి వచ్చి అవి తగ్గుముఖం పట్టాయి. మీథేన్ కూడా ఆయన అనుకున్నంత పెరగలేదు. 1995లో ఒక పెద్ద అగ్నిపర్వతం పేలుతుందని బి దారిలో ఊహించి పెట్టుకున్నాడు, నిజంగా పేలింది 1991లో. గాలిలోకి వాస్తవంగా చేరిన వాయువుల అంకెలను పెట్టి చూస్తే తేడాలో ఎక్కువ భాగం పోతుంది. మిగిలినదానికి ఆయన మోడలే బాధ్యత వహించాలి: రెట్టింపు కార్బన్ డయాక్సైడ్‌కు 4.2 డిగ్రీలు చూపే మోడల్ అది, ఇప్పుడు మేలైన అంచనా 3.

ఒక్క హాన్సెన్‌తో సరిపెట్టుకోనక్కరలేదు. వాతావరణ శాస్త్రవేత్త జెక్ హౌస్‌ఫాదర్, ఇంకొందరు కలిసి 1970 నుంచి 2007 దాకా వచ్చిన 17 అంచనాలను ఆ తరువాత నిజంగా కొలిచిన ఉష్ణోగ్రతలతో పోల్చారు. ఉన్నవి ఉన్నట్టుగా చూస్తే 17లో 10 కొలతలతో సరిపోయాయి. వాయువుల ఊహను పక్కనపెట్టి భౌతికశాస్త్రాన్ని మాత్రమే పరీక్షిస్తే 17లో 14. సరిపోనివాటిలో తక్కువ చెప్పినవీ ఉన్నాయి. 1990లో ఐపీసీసీ మొదటి నివేదిక పదేళ్ళకు 0.3 డిగ్రీలు అంది, అది ఎక్కువే. 2007 నాటి నివేదిక వచ్చే రెండు దశాబ్దాలకు పదేళ్ళకు 0.2 అంది. ఆ రెండు దశాబ్దాలు ఇప్పుడు ముగుస్తున్నాయి, కొలతలు ఆ అంకెకు దిగువన లేవు.

అన్నిటికన్నా నాకు నచ్చిన పరీక్ష ఇంకొకటి ఉంది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలింది. గంధకపు పొగమంచు స్ట్రాటోస్ఫియర్‌లో కమ్ముకుంది. ఆ పొర ఇంకా పరుచుకుంటూ ఉండగానే హాన్సెన్ బృందం మోడల్ నడిపి, 1992 నాటికి భూమి సుమారు అర డిగ్రీ చల్లబడుతుందని, కొన్నేళ్ళలో మళ్ళీ పాత దారికి వస్తుందని ప్రచురించింది. దాదాపు అలాగే జరిగింది. జరిగిపోయినదానికి తగ్గట్టు మోడల్‌ను మెలితిప్పుతారని అనేవాళ్ళు దీనికి జవాబు చెప్పాలి.

మా బావ కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులు చేస్తాడు. తెల్లవారుజామునే నీటి వేడి, ఆక్సిజన్ కొలిచే మనిషి, అంకెలంటే గౌరవం ఉన్నవాడు. ఆయన వదలకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "1998 నుంచి 2012 దాకా భూమి వేడెక్కనే లేదు కదా, ఆ మధ్య మీ మోడళ్ళు ఎక్కడికి పోయాయి?"

మంచి ప్రశ్న. నా విద్యార్థుల చేత దీన్ని గ్రాఫు కాగితం మీద చేయిస్తాను. నాసా ప్రకటించే వార్షిక వరుసలో 1951-80 సగటుతో పోలిస్తే 1998 సుమారు 0.6 డిగ్రీలు ఎక్కువ, 1999 సుమారు 0.4 ఎక్కువ, 2012 సుమారు 0.65 ఎక్కువ. సగం తరగతికి 1998 నుంచి 2012 దాకా గీత గీయమంటాను, మిగతా సగానికి 1999 నుంచి గీయమంటాను. మొదటి గుంపు గీత దాదాపు అడ్డంగా పడుకుంటుంది. రెండో గుంపు గీత పదేళ్ళకు 0.2 డిగ్రీల దాకా పైకి లేస్తుంది. మధ్యలో తేడా ఒకే ఒక్క ఏడాది. 1998 బలమైన ఎల్ నినో ఏడాది, పసిఫిక్ సముద్రం తన వేడిని గాలిలోకి వదిలిన ఏడాది. కాగితం మీద రెండు గీతలూ పక్కపక్కన చూసుకున్న పిల్లలకు, ఎక్కడ మొదలుపెడితే ఏ జవాబు వస్తుందో తెలిసిన మనిషి ఎంత సులువుగా నమ్మించగలడో నేను విడిగా చెప్పాల్సిన పని ఉండదు.

కానీ బావకు ఇంతటితో సరిపోదు, సరిపోకూడదు కూడా. 1998-2012 మధ్య మోడళ్ళను 114 సార్లు నడిపితే అందులో 111 సార్లు అసలు కొలతకన్నా ఎక్కువ వేడి చూపాయి. ఇది వ్యతిరేకులు కనిపెట్టిన విషయం కాదు, ఐపీసీసీ తన 2013 నివేదికలో తానే అచ్చువేసింది. కారణాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ఆ కాలంలో పసిఫిక్ తూర్పు భాగం చల్లగా ఉండిపోయింది, ఆ వేడి సముద్రం లోపలికి దిగింది. చిన్న చిన్న అగ్నిపర్వతాల పొగ, సూర్యుడి మందకొడి దశ మోడళ్ళకు ముందుగా ఇవ్వలేదు. అతివేగంగా వేడెక్కే ఆర్కిటిక్‌లో కొలిచే కేంద్రాలు లేక ఆ ప్రాంతం సగటులోకి సరిగా రాలేదు. ఇంకొకటి: మోడళ్ళ నుంచి తీసిన అంకె భూమంతటా గాలి ఉష్ణోగ్రత. కొలతల వరుసలో నేల మీద గాలి, సముద్రం మీద నీరు. నీరు గాలికన్నా కాస్త నెమ్మదిగా వేడెక్కుతుంది. ఒకవైపు గాలినీ ఇంకోవైపు నీటినీ తూకం వేసి తేడా వచ్చిందంటే ఆ తేడాలో కొంత మనం తెచ్చిపెట్టుకున్నదే.

కొలతల మాట వచ్చింది కాబట్టి కాసేపు ఆగాలి. వాతావరణ కేంద్రంలో ఉష్ణోగ్రత కొలిచే పెట్టెను దగ్గరగా చూసినవాళ్ళు తక్కువ. తెల్లరంగు వేసిన చెక్క పెట్టె, నాలుగు వైపులా గాలి ఆడేలా వాలుగా బిగించిన పలకలు, ఛాతీ ఎత్తున కాళ్ళ మీద నిలబెట్టి ఉంటుంది. ఎండ లోపలికి కొట్టకుండా తలుపు ఉత్తరం వైపుకు తెరుచుకుంటుంది. లోపల నాలుగు థర్మామీటర్లు: ఒకటి మామూలుది, ఒకటి తడి గుడ్డ చుట్టినది, రోజులో గరిష్ఠం పట్టుకునే పాదరసపు గొట్టం ఒకటి, కనిష్ఠం పట్టుకునే ఆల్కహాలు గొట్టం ఒకటి. ఇంత జాగ్రత్తగా పెట్టిన పెట్టెను ఊరి నడుమ నుంచి ఊరి బయటికి మార్చితే చాలు, అంకె మారుతుంది. పక్కన సిమెంటు రోడ్డు వేస్తే మారుతుంది. ఇలాంటి కేంద్రాలు ప్రపంచమంతటా వేలల్లో ఉన్నాయి, కొన్ని నూరేళ్ళకు పైబడినవి. చుట్టుపక్కల కేంద్రాలతో పోల్చి ఆ గెంతులను సరిదిద్దకపోతే ఆ వరుసకు అర్థం లేదు.

"సరిదిద్దడమంటే వేడి పెంచి చూపడమే" అన్న అనుమానం చాలామందిలో ఉంది. లెక్క చూస్తే దానికి తలకిందులు. పాతకాలపు ఓడల్లో బక్కెట్టుతో సముద్రపు నీరు తోడి కొలిచేవారు, తోడే లోపు ఆ నీరు ఆవిరై చల్లబడేది. దాన్ని సరిదిద్దితే పాత సముద్రపు ఉష్ణోగ్రతలు పైకి జరుగుతాయి. నేల, సముద్రం కలిపి చూస్తే దిద్దుబాట్ల మొత్తం ఫలితం శతాబ్దపు వేడిని కొంత తగ్గించడమే. ఈ అనుమానంతోనే అమెరికా భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్ బర్క్‌లీలో కొత్త బృందం కట్టి, మొదటి నుంచి నేల ఉష్ణోగ్రతల లెక్క వేశాడు. 2012 నాటికి ఆయనకు వచ్చిన గీత పాత గీతల మీదే కూర్చుంది. ఆయన ఆ మాట బహిరంగంగా ఒప్పుకున్నాడు. శాస్త్రంలో అనుమానానికి ఉన్న మర్యాద అది.

ఉపగ్రహాల కథ ఇంకా నేర్పుతుంది. అమెరికా శాస్త్రవేత్తలు జాన్ క్రిస్టీ, రాయ్ స్పెన్సర్ 1979 నుంచి ఉపగ్రహాలతో కట్టిన ఉష్ణోగ్రతల వరుస 1990ల్లో గాలి వేడెక్కడం లేదని చూపేది. మోడళ్ళ మీద పెద్ద ఆయుధం అది. 1998లో ఉపగ్రహాల కక్ష్య కొద్దికొద్దిగా కిందికి జారుతోందని, అది లెక్కలోకి రాలేదని తేలింది. 2005లో ఉపగ్రహం ఒకే చోటును దాటే వేళ మారుతూ వచ్చినదాన్ని దిద్దిన తీరులో తప్పు దొరికింది. సరిచేసేసరికి ఆ వరుస కూడా పైకి లేచింది. మోడల్‌కూ కొలతకూ పొత్తు కుదరనప్పుడు కొలతనూ విప్పి చూడాలని నేను అనేది ఇందుకే.

ఇప్పుడు మోడళ్ళ తప్పులు. ఉష్ణమండలంలో, అంటే మన నెత్తి మీద ఆకాశంలో, పది కిలోమీటర్ల ఎత్తు దగ్గర మోడళ్ళు చూపేంత వేడి ఉపగ్రహాలకు కనిపించడం లేదు. కొలతలెంత దిద్దినా ఈ తేడా పూర్తిగా పోలేదు. పసిఫిక్ తూర్పు భాగం వేడెక్కాలని మోడళ్ళు చెబుతుంటే అది దశాబ్దాలుగా మొండికేసి చల్లగా ఉంటోంది. ఇది చిన్న విషయం కాదు, ఎల్ నినో పుట్టేది అక్కడే, దాని మీద మన వానలు ఆధారపడతాయి. ఇక 2021 నివేదిక కోసం నడిపిన కొత్త తరం మోడళ్ళలో కొన్ని రెట్టింపు కార్బన్ డయాక్సైడ్‌కు 5 డిగ్రీలకు మించి చూపాయి. వాటిని అలాగే సగటులో కలిపితే భవిష్యత్తు ఉండాల్సినదానికన్నా వేడిగా కనిపిస్తుంది. ఐపీసీసీ వాటిని గుడ్డిగా కలపకుండా, గడిచిన వేడిని సరిగా చూపినవాటికి ఎక్కువ బరువిచ్చింది. కానీ ఆ జాగ్రత్త లేకుండా మోడళ్ళన్నిటి సగటు తీసి భయపెట్టే అంకెలు రాసే వ్యాసాలు నేను చదువుతూనే ఉన్నాను. మన పక్షం వాళ్ళు రాశారని వాటిని వెనకేసుకురాకూడదు.

ఇవన్నీ ప్రపంచం లెక్కలు. ఒంగోలు సంగతేమిటి? ఇక్కడే రెండు పక్షాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయి. భూగోళం మొత్తానికీ నడిపే మోడల్ భూమిని గళ్ళుగా విడగొట్టి లెక్కకడుతుంది, అందులో ఒక గడి వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. కొత్తపట్నం సముద్రపు ఒడ్డు, ఒంగోలు, పొదిలి మెట్ట ఒకే గడిలో పడతాయి. మా మే నెల సంగతి మాకు తెలుసు. పొద్దుటి నుంచి పడమటి గాలి వీస్తుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే ఒంగోలు బతుకుతుంది, తిరగకపోతే వడగాడ్పే. ఆ గాలి లోపలికి ఎంత దూరం చొచ్చుకొస్తుందో అంత పెద్ద గడికి ఏం తెలుస్తుంది? 2015 మే నెలలో వడదెబ్బకు ఆంధ్ర, తెలంగాణల్లో రెండు వేలకు పైగా ప్రాణాలు పోయాయి, బాగా దెబ్బతిన్న జిల్లాల్లో మాదీ ఒకటి. అదే ఏడాది నవంబరులో నెల్లూరు నీట మునిగి చెన్నై దారి తెగింది. ఆ రెండింటినీ ముందే చెప్పలేదని మోడళ్ళను తిట్టడమూ తప్పే, అవి చెప్పినట్టే జరిగాయని చంకలు కొట్టుకోవడమూ తప్పే. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా తెచ్చే ఈశాన్య రుతుపవనాల విషయంలో మోడళ్ళ మాట ఉష్ణోగ్రతల విషయంలో ఉన్నంత గట్టిది కాదు.

ఇంకో ప్రశ్న నెల్లూరు మిత్రులు అడుగుతారు: ప్రపంచం అంత వేడెక్కితే మన దగ్గర అంత కనిపించదేం? కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రచురించిన నివేదిక ప్రకారం 1901-2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. ప్రపంచంలోని నేల ప్రాంతాల సగటుకన్నా ఇది తక్కువ. ఉత్తరాది నుంచి దేశమంతా కమ్మే పొగ, ధూళి ఎండను కొంత ఆపుతున్నాయి. పెన్న కాలువల కింద పచ్చగా ఉన్న మాగాణి పగటి వేడిని కొంత తగ్గిస్తుంది. ఈ నీడ మన మంచి కోరి వచ్చింది కాదు. ఊపిరితిత్తులను పాడుచేసే ఆ పొగను తగ్గించక తప్పదు, తగ్గించిన రోజున కప్పి ఉంచిన వేడి బయటికి వస్తుంది. అదే నివేదిక 1951-2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైపొర సుమారు 1 డిగ్రీ వేడెక్కిందని చెబుతోంది. మనకు పగలు ఊపిరి పోసే సముద్రపు గాలి ఆ నీటి మీది నుంచే వస్తుంది. దీన్ని లెక్కించే పనిలో మన వాళ్ళూ ఉన్నారు. పూణేలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ తయారుచేసిన మోడల్ 2021 నివేదికకు ఆధారమైన ప్రపంచ మోడళ్ళ వరుసలో మన దేశం నుంచి వెళ్ళిన మొదటిది.

చివరిగా, కొలతలు మోడళ్ళను వెనక్కు నెట్టిన సందర్భం. 2023లో ప్రపంచ సగటు పారిశ్రామిక యుగానికి ముందున్నదానికన్నా 1.45 డిగ్రీలు, 2024లో 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. 2023 గెంతును ముందుగా అంచనా వేసినవాళ్ళు సుమారు 0.2 డిగ్రీలు తక్కువ చెప్పారని నాసా శాస్త్రవేత్త గావిన్ ష్మిట్ 2024 మార్చిలో రాశాడు. ఎల్ నినో ఒక్కటే చాలదు. 2020 నుంచి ఓడల ఇంధనంలో గంధకాన్ని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించారు. కృష్ణపట్నం రేవుకు వచ్చే ఓడలకూ అదే నియమం. గంధకపు పొగ తగ్గితే సముద్రం మీద మేఘాలు ఎండను తిప్పికొట్టడం తగ్గుతుంది. తక్కువ ఎత్తు మేఘాలు పలచబడ్డాయని కూడా కొలతలు చూపుతున్నాయి. ఎవరి వాటా ఎంతో ఇంకా తేలాలి. మోడళ్ళు తప్పితే మనకు మంచిదే అనుకునేవాళ్ళు ఈ రెండేళ్ళను గమనించాలి. లెక్క తప్పడానికి కింది వైపే దారి ఉందని ఎవరు చెప్పారు?

వాదన వాదనగానే మిగిలిపోకూడదు కాబట్టి నా గీత నేను గీస్తున్నాను. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పటిలాగే పెరుగుతూ ఉండగా, పినటూబో లాంటి పేలుడు ఏదీ లేకుండా, వరుసగా ఏ ఇరవై ఏళ్ళ సరళి అయినా పదేళ్ళకు 0.1 డిగ్రీ కన్నా దిగువకు వస్తే మోడళ్ళు మూలంలోనే తప్పని ఇదే చోట రాస్తాను. ఒక్క వేసవి, ఒక్క వాన, ఒక్క ఊరు కుదరవు. ఇరవై ఏళ్ళు, భూమి మొత్తం. మోడళ్ళు కాకి లెక్కలని అనేవాళ్ళు కూడా ఇలాగే ఒక అంకె చెప్పాలి: పదేళ్ళకు ఎంత చొప్పున, ఎన్నేళ్ళు వేడెక్కితే మీరు మీ మాట వెనక్కు తీసుకుంటారు?